టీనేజ్ వెయిట్‌లిఫ్టర్లకు ప్రొటీన్ డబ్బా కావాలా? కొనే ముందు తల్లిదండ్రులు వేసుకోవాల్సిన అసలు లెక్క ఇదీ..

జిమ్‌లో చేరి నెల కూడా తిరగదు. ఇంట్లో కొత్త డిమాండ్ మొదలవుతుంది. ‘‘నాన్నా, అందరూ తాగుతున్నారు. నాకూ ఒక డబ్బా కొనిపెట్టు’’. అడిగేది పదో తరగతి పిల్లాడు. ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాలేదు. కానీ వే ప్రొటీన్, క్రియాటిన్, ప్రీ వర్కౌట్ అని పేర్లు మాత్రం గడగడా చెప్పేస్తాడు. వద్దంటే ‘‘మెడల్ రాకపోతే నన్ను అడగొద్దు’’ అంటాడు. సరేనంటే ఒక్కో డబ్బాకు రెండు మూడు వేలు వదులుతాయి.

కొనాలా? వద్దా? డబ్బు సంగతి పక్కన పెడితే, వెయిట్‌లిఫ్టింగ్‌లో పోటీ పడే పిల్లల విషయంలో ఈ ప్రశ్న వెనక ఇంకా పెద్ద రిస్క్ ఒకటి ఉంది. ఆ డబ్బా పిల్లాడి కెరీర్‌నే మధ్యలో ఆపేయొచ్చు.

ఇప్పుడే ఈ చర్చ ఎందుకు?

ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ వాడా లెక్కలు చూస్తే విషయం అర్థమవుతుంది. 2023లో మన దేశంలో 5,606 శాంపిళ్లు పరీక్షిస్తే 213 పాజిటివ్ వచ్చాయి. అంటే 3.8 శాతం. 2024లో 7,113 శాంపిళ్లలో 260 పాజిటివ్. భారీగా టెస్టులు చేసే దేశాల్లో పాజిటివ్ శాతం ఎక్కువున్నది మన దగ్గరే. ఆటల వారీగా చూస్తే అథ్లెటిక్స్ తర్వాత కేసులు ఎక్కువ వచ్చింది వెయిట్‌లిఫ్టింగ్‌లోనే.

ఇందులో పిల్లల సంగతి ఇంకా కలవరపెడుతుంది. మైనర్ల డోపింగ్‌పై వాడా 2024 జనవరిలో ఒక రిపోర్టు బయటపెట్టింది. 2012 నుంచి ప్రపంచవ్యాప్తంగా 1,400 మందికి పైగా మైనర్లు పాజిటివ్‌గా తేలారని అందులో ఉంది. వాళ్లలో చిన్న వయసు ఎంతో తెలుసా? 12 ఏళ్లు. మైనర్ల పాజిటివ్ కేసుల్లో రష్యా తర్వాత స్థానం మనదే.

మరోవైపు 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. వెయిట్‌లిఫ్టింగ్ అందులో ఉంది. ఇవాళ పదిహేనేళ్ల పిల్లలు అప్పటికి ఇరవైకి దగ్గరపడతారు. సరిగ్గా పోటీకి దిగే వయసు. అందుకే ఇప్పుడు వాళ్ల ఒంట్లోకి ఏం వెళ్తోందన్నది చిన్న విషయం కాదు.

ఈ ఆట మన ఊళ్లదే

వెయిట్‌లిఫ్టింగ్ మనకు కొత్తేం కాదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో బార్‌బెల్ పట్టారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. విజయనగరం జిల్లా కొండవెలగాడ అంటేనే లిఫ్టర్ల ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో పతకం సాధించిన మత్స సంతోషిది ఆ ఊరే. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2014లో యూత్ ఒలింపిక్స్ రజతం, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచాడు.

మన దగ్గర ఈ ఆటలోకి వచ్చేది ఎక్కువగా మామూలు ఇళ్ల పిల్లలే. కూలి పనులు, చిన్న సేద్యం, చిన్న ఉద్యోగాల మీద బతికే కుటుంబాలు. అలాంటి ఇంట్లో డబ్బాకు పెట్టే రెండున్నర వేలు ఎక్కడి నుంచి వస్తాయి? చాలాసార్లు వంటింటి ఖర్చులోంచే. పాలు తగ్గుతాయి, గుడ్లు తగ్గుతాయి. పిల్లాడికి బలం కోసమని కొన్న డబ్బా, బలం ఇచ్చే తిండినే తగ్గించేస్తుంది. గొడవంతా ఇక్కడే ఉంది.

అసలు ఎంత ప్రొటీన్ కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయిలకు రోజుకు దాదాపు 45 గ్రాములు, అమ్మాయిలకు 43 గ్రాముల ప్రొటీన్ చాలు. 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయిలకు 55, అమ్మాయిలకు 46 గ్రాములు. ఇది మామూలు పిల్లల లెక్క.

రోజూ బరువులు ఎత్తే వాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఎంత ఎక్కువ? శరీర బరువులో కేజీకి 1.2 నుంచి 1.6 గ్రాములు వేసుకున్నా 50 కేజీల పిల్లాడికి 60 నుంచి 80 గ్రాములు. పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఇదే విషయం ఉంది. కేజీకి 1.6 గ్రాములు దాటి తిన్నా కండ పెరగడంలో అదనంగా ఒరిగేదేమీ లేదని చెప్పింది. కండల కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దనీ సూచించింది. ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడితే ఎముకలకు, కిడ్నీలకు ముప్పు ఉండొచ్చని హెచ్చరించింది.

మరి ఆ 80 గ్రాములు ఇంటి తిండితో వస్తాయా? లెక్క చూద్దాం.

- పొద్దున రెండు ఉడికించిన గుడ్లు: 12 గ్రాములు
- నాలుగు ఇడ్లీలు, సాంబారు: సుమారు 8 గ్రాములు
- రోజు మొత్తం మీద అర లీటరు పాలు: 16 గ్రాములు
- రెండు పూటలా కలిపి 200 గ్రాముల బియ్యం వండిన అన్నం: 14 గ్రాములు
- 50 గ్రాముల కందిపప్పుతో పప్పు: 11 గ్రాములు
- ఒక కప్పు పెరుగు: 3 గ్రాములు
- సాయంత్రం గుప్పెడు, అంటే 50 గ్రాముల పల్లీలు: 12 గ్రాములు
- రాత్రి కూరలో 30 గ్రాముల మీల్‌మేకర్: 15 గ్రాములు. చికెన్ వండుకుంటే ఇంకా ఎక్కువే

మొత్తం 90 గ్రాములు దాటింది. డబ్బా మూత తీయకుండానే టార్గెట్ పూర్తయింది.

ఇప్పుడు రేటు చూద్దాం. రెండున్నర వేలు పెట్టి కేజీ డబ్బా కొన్నారనుకోండి. స్కూపుకు 24 గ్రాముల చొప్పున 30 స్కూపులు. మొత్తం 720 గ్రాముల ప్రొటీన్. అది కూడా లేబుల్ మీద రాసింది నిజమైతేనే. అదే డబ్బుతో గుడ్డు ఏడు రూపాయల చొప్పున కొంటే 350 గుడ్లు వస్తాయి. అంటే 2,100 గ్రాముల ప్రొటీన్. దాదాపు మూడు రెట్లు.

లేబుల్ మీద ఒకటి.. లోపల ఇంకొకటి

‘లేబుల్ నిజమైతే’ అన్న మాట ఊరికే అనలేదు. మన దేశంలో అమ్ముతున్న 36 ప్రొటీన్ పౌడర్లను పరీక్షించిన ఒక అధ్యయనం 2024లో బయటికొచ్చింది. దాదాపు 70 శాతం డబ్బాల్లో ప్రొటీన్ వివరాలు తప్పుగా ఉన్నాయి. కొన్నింటిలో రాసినదాంట్లో సగమే ఉంది. 14 శాతం శాంపిళ్లలో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి.

క్రీడాకారులకు ఇంతకన్నా పెద్ద భయం మరొకటి ఉంది. 2000, 2001 సంవత్సరాల్లో జర్మనీలోని కొలోన్ ల్యాబ్ 13 దేశాల నుంచి 634 సప్లిమెంట్లు తెప్పించి పరీక్షించింది. ఏ హార్మోనూ లేదని అమ్మిన వాటిలోనే 94 ఉత్పత్తుల్లో స్టెరాయిడ్ ఆనవాళ్లు దొరికాయి. అంటే దాదాపు ఏడింటిలో ఒకటి. లేబుల్ మీద మాత్రం ఒక్క అక్షరం కూడా లేదు. ఆ అధ్యయనం పాతదే. కానీ అది బయటపెట్టిన ఇబ్బంది ఇప్పటికీ అలాగే ఉంది. సప్లిమెంట్ అనేది మందు కాదు. చట్టం ముందు అదొక ఆహార పదార్థమే. అమ్మే ముందు మందుకు జరిగినంత పరీక్ష దానికి జరగదు. ఒకే మెషీన్‌లో ముందు ఏదో కలిపి, తర్వాత ఇది కలిపినా అవశేషం మిగిలిపోవచ్చు. కొందరు ‘రిజల్ట్’ కనిపించాలని కావాలనే కలుపుతారు.

ఏ డబ్బా సంగతి ఏంటి?

అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తే పిల్లలు వినరు. వినకపోవడం సబబే, ఎందుకంటే అన్నీ ఒకటి కావు.

*వే ప్రొటీన్:* ఇది విషం కాదు. పాల నుంచి వచ్చేదే. అసలు డబ్బా, సరైన మోతాదు అయితే ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి వెంటనే ఏదో అయిపోదు. కానీ తిండి సరిపోతున్నప్పుడు దాని వల్ల వచ్చే అదనపు లాభం పెద్దగా లేదు.

*మాస్ గెయినర్:* ఇందులో ఎక్కువ భాగం చక్కెర లాంటి పిండి పదార్థమే. బరువు పెరగొచ్చు. కానీ బరువు పెరగడం వేరు, బలం పెరగడం వేరు. ఆ పని అరటిపండు, పాలు, అన్నం ఇంకా చవగ్గా చేస్తాయి.

*క్రియాటిన్:* పెద్దవాళ్లలో బాగా పరిశోధన జరిగిన సప్లిమెంట్. నిషేధిత జాబితాలో లేదు. కానీ 18 ఏళ్ల లోపు వాళ్లపై జరిగిన పరిశోధన తక్కువ. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ టీనేజర్లకు వద్దనే చెబుతోంది.

*ప్రీ వర్కౌట్:* ఇక్కడి నుంచి జాగ్రత్త. చాలా బ్రాండ్లలో ఒక్క స్కూపులోనే 200 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పిల్లలకు రోజుకు కేజీకి 3 మిల్లీగ్రాముల వరకే పర్వాలేదన్నది యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క. 50 కేజీల పిల్లాడికి 150 మిల్లీగ్రాములన్నమాట. ఒక్క స్కూపుతోనే ఆ గీత దాటేస్తాడు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం.. వణికే చేతులతో తల పైకి బార్‌బెల్ ఎత్తడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

*ఫ్యాట్ బర్నర్లు, టెస్టోస్టిరాన్ బూస్టర్లు:* వీటికి మాత్రం ఎలాంటి మినహాయింపూ లేదు. హార్మోన్లు సహజంగా పెరిగే వయసులో బూస్టర్‌తో పనేంటి? పైగా నిషేధిత పదార్థాలు దొరికే అవకాశం ఎక్కువున్నది ఈ తరహా ఉత్పత్తుల్లోనే.

డబ్బా దగ్గర మొదలైన అలవాటు అక్కడే ఆగుతుందన్న గ్యారంటీ లేదు. హైదరాబాద్‌లో జిమ్‌లకు వెళ్లే కుర్రాళ్లకు అమ్ముతున్న మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్లను డ్రగ్స్ కంట్రోల్ అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే వాడే మందు అది. వాడా నిషేధిత జాబితాలోనూ ఉంది. పౌడర్, తర్వాత మాత్ర, ఆ తర్వాత సూది. జారేవాడికి మెట్లు తెలియవు.

కలిపింది ఎవరైనా.. జవాబు చెప్పాల్సింది పిల్లాడే

డోపింగ్ రూల్ సింపుల్‌గా ఉంటుంది, కఠినంగా ఉంటుంది. నీ ఒంట్లో ఏం దొరికినా బాధ్యత నీదే. ‘కోచ్ ఇచ్చారు’, ‘షాపువాడు అసలుదే అన్నాడు’, ‘లేబుల్ మీద లేదు’ అంటే కేసు పోదు. స్టెరాయిడ్ లాంటిది దొరికితే నాలుగేళ్ల వరకు నిషేధం పడొచ్చు.

పదహారేళ్ల లోపు వాళ్లకు, కొన్ని షరతులతో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు శిక్షలో సడలింపు ఉంది. తప్పు తీవ్రతను బట్టి మందలింపు నుంచి గరిష్ఠంగా రెండేళ్ల వరకు. కానీ పోటీలో పాజిటివ్ వస్తే గెలిచిన పతకం మాత్రం పోతుంది. ఊరంతా ఫ్లెక్సీలు కట్టి ఊరేగించిన పిల్లాడు, నెలల తర్వాత అదే ఊళ్లో తల దించుకుని తిరగాల్సి వస్తుంది. పదహారేళ్ల వయసులో రెండేళ్లు ఆట లేకపోతే చాలామంది మళ్లీ బార్‌బెల్ దగ్గరికి రారు. స్పోర్ట్స్ కోటా సీటు, ఉద్యోగం అన్న ఆశలూ అక్కడితో ఆగిపోతాయి.

బరువు విభాగం కోసం ఆఖరి రోజుల్లో ‘నీళ్ల మాత్రలు’ మింగించే అలవాటు ఇంకో ప్రమాదం. ఫ్యూరోసెమైడ్ లాంటి ఈ మందులు నిషేధిత జాబితాలో ఉన్నాయి. మైనర్లపై వాడా రిపోర్టులో ఎక్కువసార్లు దొరికింది ఇదే. ఎదిగే పిల్లలను బరువు తగ్గించి కింది విభాగంలో దించడం కన్నా, ఎదిగిన బరువుకు తగ్గ విభాగంలో ఆడించడమే మేలు.

నిజంగా కావాల్సిన సప్లిమెంట్ ఇంకొకటి ఉంది.. అది ఫ్రీ!

చాలామంది మర్చిపోయే విషయం ఇది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అబ్బాయిల్లో 31 శాతం. రక్తంలో హిమోగ్లోబిన్ లేకపోతే ఆక్సిజన్ కండలకు సరిగ్గా చేరదు. ప్రాక్టీస్‌లో తొందరగా అలసట, కళ్లు తిరగడం, ఎన్ని నెలలైనా బరువు పెరగకపోవడం.. వీటిని చూసి కోచ్, తల్లిదండ్రులు ‘ప్రొటీన్ చాలట్లేదు’ అనుకుంటారు. డబ్బా కొంటారు. ఎన్ని స్కూపులు తాగినా రక్తహీనత తగ్గదు.

10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో వారానికి ఒకటి చొప్పున నీలం రంగు ఐరన్ మాత్ర ఉచితంగా ఇచ్చే కార్యక్రమం ఉంది. కడుపులో తిప్పుతుందని చాలామంది పిల్లలు దాన్ని పక్కన పడేస్తారు. భోజనం చేశాక వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మూడు వేల డబ్బా కోసం ఏడ్చే ఇంట్లోనే ఉచితంగా వచ్చిన మాత్ర డస్ట్‌బిన్‌లోకి వెళ్తోందంటే మన లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

ఐరన్, విటమిన్ డి, బి12.. ఇలాంటి లోపం రక్తపరీక్షలో తేలితే డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడటంలో తప్పు లేదు. అది సరదాకు కాదు, అవసరానికి.

‘హాస్టల్ పిల్లల సంగతేంటి?’ అంటారా..

న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో అమ్మ వండిపెట్టే పిల్లాడి లెక్క వేరు. పొద్దున్నే ప్రాక్టీస్ ముగించి నేరుగా క్లాసుకు పరిగెత్తే హాస్టల్ పిల్లాడి లెక్క వేరు. అక్కడ పప్పు నీళ్లలా ఉంటే, గుడ్డు వారానికి రెండుసార్లే వస్తే 80 గ్రాములు నిండవు. కొందరు కోచ్‌లు డబ్బా చేతిలో పెట్టడానికి కారణం కూడా ఇదే. వాళ్లందరికీ దురుద్దేశం అంటగట్టలేం.

కానీ పరిష్కారం పిల్లాడి జేబులోంచి రావాలా? మెస్ మెనూలోంచి రావాలా? క్రీడా హాస్టల్‌లో తల్లిదండ్రులు కలిసి అడగాల్సింది ప్రాక్టీస్ అయిన వెంటనే రెండు గుడ్లు, గ్లాసు పాలు. గది అల్మారాలో ఓ డబ్బా వేరుశెనగ ఉండలు, వేయించిన శనగలు పెట్టుకోవడం కూడా కష్టం కాదు. అవి పాడవవు, కల్తీ భయం తక్కువ, డోప్ టెస్టు భయం అసలే లేదు.

మరి ఏం చేయాలి?

- డబ్బా కొనే ముందు వారం రోజులు పిల్లాడు తినేవన్నీ కాగితం మీద రాయండి. లోటు ఎక్కడుందో మీకే కనిపిస్తుంది.
- హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ముఖ్యంగా అమ్మాయిలకు.
- అన్నం మానిపించొద్దు. బరువులు ఎత్తడానికి ఇంధనం పిండి పదార్థమే. అది చాలకపోతే తిన్న ప్రొటీన్ కూడా ఇంధనంగా ఖర్చయిపోతుంది.
- నిద్ర 8 నుంచి 10 గంటలు ఉండాలి. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసి పొద్దున స్కూపు తాగితే కండ పెరగదు.
- ఎవరైనా సప్లిమెంట్ రాస్తే ‘ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు’ అని అడగండి. డాక్టర్ రాసిన మందునైనా జాతీయ యాంటీ డోపింగ్ సంస్థ నాడా వారి ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో చూసుకోండి.
- పై స్థాయి పోటీల్లో ఉన్న పిల్లాడికి నిపుణుల సలహాతో తప్పనిసరిగా వాడాల్సి వస్తే, బ్యాచ్ వారీగా నిషేధిత పదార్థాల పరీక్ష జరిగినదే తీసుకోండి. 14 అంకెల ఆహార భద్రతా లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్ చూడండి. బిల్లు, ఖాళీ డబ్బా దాచుకోండి. ఇంత చేసినా రిస్క్ తగ్గుతుందే తప్ప సున్నా కాదు.
- పేరు లేని పొట్లం, మూత తీసిన డబ్బా, ‘ఇది స్పెషల్’ అంటూ ఇచ్చే మాత్ర, సూది.. ఎవరిచ్చినా వద్దనడం పిల్లాడికి నేర్పండి. కోచ్ ఇచ్చినా సరే.

చివరిగా ఒక మాట. బరువులు ఎత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న భయంతో కొందరు ఆటే మానిపిస్తారు. సరైన కోచ్ పర్యవేక్షణలో, వయసుకు తగ్గ బరువుతో చేస్తే ఆ భయం అక్కర్లేదు. ఆట మంచిదే. పిల్లాడి ఉత్సాహమూ మంచిదే. పదిహేనేళ్ల లిఫ్టర్‌కు సప్లిమెంట్ కావాలా అంటే, రక్తపరీక్షలో లోపం తేలితే తప్ప అక్కర్లేదు. వాడికి కావాల్సింది కడుపు నిండా తిండి, కంటి నిండా నిద్ర, ఓపిక ఉన్న కోచ్.

రేపు మళ్లీ ‘‘నాన్నా, డబ్బా’’ అని అడిగితే కసురుకోకండి. కూర్చోబెట్టి ఈ లెక్క చూపించండి. ఆ డబ్బుతో గుడ్ల అట్టలు తెచ్చి ముందు పెట్టండి. మిగతాది బార్‌బెల్ చూసుకుంటుంది.